రుజువు మాస్టారు తీసిన చక్కెర

కళ్లారా చూసినదాన్ని ఎవరైనా నమ్ముతారని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. చెప్పినవాడి మాట గాలికి పోవచ్చు గాని, చూపించినవాడి మాట నిలిచి తీరుతుందని చదువుకున్నవారూ చదువుకోనివారూ ఒకే గొంతుతో అంటారు. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన ఒక పెద్దమనిషి ఈ అభిప్రాయాన్ని జీవితమంతా అనుమానించకుండా మోశారు. మిగతా అన్నింటినీ అనుమానించారు. చేతిరేఖలను, కలల ఫలితాలను, జుట్టు మొలిపించే నూనెలను, వాతావరణ సూచనలను కూడా ఆయన వదల్లేదు. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అని అడగడం వల్ల ఆ నాలుగంతస్తుల భవనంలో అందరూ ఆయన్ను రుజువు మాస్టారనే పిలిచేవారు. అది వెటకారంగా పెట్టిన పేరు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించడంతో వెటకారం చేసినవారికి ఆ సంతోషం కూడా దక్కలేదు.

ఆ రోజు ఉదయం మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మనవరాలి చేత ఒక కోడిగుడ్డు తినిపించాలి.

మనవరాలికి తొమ్మిదో ఏడు. ఇంట్లో పిలిచే పేరు చిట్టి. ఆ పేరుకూ ఆమె తూకానికీ మధ్య దూరం ఏటేటా పెరుగుతూ వచ్చింది. అంతకు ముందురోజు పిల్లల డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, చిట్టిని తెర వెనక కూర్చోబెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది. "లివర్‌కి కొవ్వు పడుతోందండీ. బరువు తగ్గించాల్సిన పని లేదు, ఇంక పెరక్కుండా ఆపండి చాలు. ఎత్తు ఎలాగూ పెరుగుతుంది, సర్దుకుంటుంది. ముందు ఆ పొద్దుటి తీపి మానిపించండి. మళ్లీ వచ్చేసరికి ఇంకా పెరిగి ఉంటే మాత్రం మందుల దాకా వెళ్లాల్సి వస్తుంది." తెరకు చెవులు మూసే గుణం లేదు. ఇంటికి వచ్చేటప్పుడు చిట్టి మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగి, బయట ఏదో చూడవలసినది ఉన్నట్టు నిలబడింది. బయట ఏమీ లేదు. ఆమెకు ఊపిరి అందడం లేదన్న సంగతి మాస్టారు గమనించారు. గమనించినట్టు కనపడకుండా తానూ కిటికీలోంచి చూశారు.

అందువల్ల ఉదయం బల్ల మీద గుడ్డు ఉంది. దాని పక్కనే, కిరీటం పెట్టుకున్న ఉడుత నవ్వుతూ చెయ్యి ఊపుతున్న పెట్టె కూడా ఉంది. పాలలో వేసుకుని తినే తియ్యటి రేకుల పెట్టె అది. ఆ ఇంట్లో దాన్ని ఉడుత డబ్బా అనేవారు.

"గుడ్డు తిను తల్లీ," అన్నారు మాస్టారు.

"గుడ్డు గుడ్డులాగే ఉంటుంది తాతయ్యా," అంది చిట్టి, పాల గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

"పొద్దున్నే పిల్లతో పేచీ ఏంటండీ?" అని నానమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఆ ఫ్లేక్స్ అయితే మారు మాట్లాడకుండా తింటుంది. డబ్బా మీద చూడండి, ఐరన్ అంట, విటమిన్లంట, అన్నీ రాసున్నాయి."

"చక్కెర కూడా రాసుంది. వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో."

"అంత చిన్నగా రాశారంటే అంత తక్కువుందనేగా!"

కోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఒక చేత్తో జడ వేసుకుంటూ, రెండో చేత్తో చెప్పులు వెతుక్కుంటూ అంది. "మామయ్యగారూ, నాకు మాత్రం ఇష్టమా? రెండు నిమిషాల్లో ఏడవకుండా కడుపు నిండే వస్తువు ఇంకోటి చెప్పండి, ఈ క్షణమే మానేస్తాను. అవతల బస్సు వెళ్లిపోతోంది." కొడుకు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. అతను నిలబడే డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు రేకులు నోట్లో వేసుకుని, "నేనూ ఇవే తిని పెరిగాను కదా నాన్నా!" అన్నాడు.

"అందుకే చెప్తున్నాను," అన్నారు మాస్టారు, కొడుకు బెల్టు వంక చూస్తూ.

అప్పుడు చిట్టి చెంచా కింద పెట్టి ఒక ప్రశ్న వేసింది. "ఇందులో బోలెడు చక్కెర ఉందంటున్నావు. బోలెడంటే ఎంత? ఏదీ, చూపించు."

మాస్టారి ముఖం వెలిగింది. ఆ ఇంట్లో రుజువు అడిగే మనిషి ఆయన తరవాత మళ్లీ పుట్టిందని ఆయనకు ఆ ఉదయమే తెలిసింది.

"చూపిస్తే మానేస్తావా?"

"చూశాక చెప్తా."

సరైన సమాధానం అదే కావడంతో ఆయన అంతకుమించి ఒత్తిడి చెయ్యలేదు. ఒక డబ్బాలోని చక్కెరనంతా విడదీసి, గాజుసీసాలో పోసి, ముందు మనవరాలికీ తరవాత భవనంలోని తల్లిదండ్రులందరికీ చూపించాలని నిశ్చయించుకున్నారు. నివాసుల సంఘం కార్యదర్శిగా ఉన్న బీమా ఏజెంటు ఆదివారం కింది హాల్లో ఏదైనా మంచి విషయం మీద మాట్లాడమని ఎప్పటినుంచో వెంటపడుతున్నాడు. మంచి విషయం దొరికింది.

మొదటి ప్రయత్నంలో మాస్టారు రేకులను వేడినీళ్లలో నానబెట్టారు. కాసేపటికి గిన్నెలో ఉన్నది చక్కెర నీళ్లూ కాదు, రేకులూ కాదు. గరిటె దానంతట అది నిటారుగా నిలబడింది.

"ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు. పిండి వేడినీళ్లలో ఉడుకుతుందని తెలీదా?" అంది నానమ్మ.

"తెలుసు. మర్చిపోయాను," అన్నారు మాస్టారు. నిజాయితీకి ఆయన ఎన్నడూ వెనకాడలేదు.

ఇంకో డబ్బా కావలసి వచ్చింది. కొట్టు భవనం కిందే, మెట్ల పక్కన ఉండేది. కొట్టు యజమానికి మాస్టారంటే భయం కలిసిన గౌరవం. ఆయన ఏ వస్తువు తీసుకున్నా వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకెత్తి, చిన్న అక్షరాలన్నీ చదివి, తల అడ్డంగా ఊపి, తిరిగి అరలో పెట్టేవారు. అలా పెట్టకుండా ఇంటికి తీసుకువెళ్లిన సరుకు నిక్కమైనదని ఆ వీధిలో చాలామందికి నమ్మకం. చదివే ఓపిక లేనివారు ఆయన సంచీలోకి తొంగిచూసి తమకు కావలసింది కొనుక్కునేవారు. ఈ సంగతి మాస్టారికి తెలియదు.

"మీరు ఉడుత డబ్బా తీసుకోవడం ఇదే చూడ్డం మాస్టారూ! బాగుంటాయా ఏంటి?" అని అడిగాడు కొట్టు యజమాని.

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. అది మంచిది కాదని ఆయన ఉద్దేశం. అయితే ప్రయోగం పూర్తికాకుండా ఫలితం ప్రకటించడం ఆయన చెయ్యని పని. అలా ముందుగా ఫలితం రాసేసిన విద్యార్థులకు సున్నాలు వేసిన చెయ్యి అది.

"ఇంకా తేలలేదు. తేలాక చెప్తాను," అని డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. వెనకవైపు అక్షరాలు అప్పటికే కంఠస్థం కావడంతో వాటిని చదవలేదు.

"చూశారా, చదవకుండానే తీసుకెళ్లిపోయారు!" అన్నాడు కొట్టు యజమాని, పాలకోసం నిలబడ్డవారితో.

మర్నాడు రెండోసారి మాస్టారు చన్నీళ్లు వాడారు. రేకులను కలిపి, పాత తలగడ గలీబులో పోసి వడగట్టి, ఆ నీటిని సన్నని సెగ మీద గంటల తరబడి ఇగరబెట్టారు. మధ్యాహ్నానికి గిన్నె అడుగున గోధుమరంగు పాకం మిగిలింది. పళ్లెంలో పోయగానే చల్లారి, అద్దం పలకలా గట్టిపడి, కిటికీ వెలుగుకు మెరిసింది. ఒక పెట్టె నుంచి అంత వస్తుందని ఆయన కూడా ఊహించలేదు. దాన్ని పొడిచేసి సీసాలో పోయాలి. మంచి సీసా కోసం ఎదురింటికి వెళ్లారు.

తిరిగి వచ్చేసరికి పళ్లేనికి ఒక పక్క నానమ్మ, మరో పక్క చిట్టి కూర్చుని ఉన్నారు. ఇంట్లో కరకరమనే శబ్దం తప్ప మరో శబ్దం లేదు.

"అది సాక్ష్యం!" అన్నారు మాస్టారు, సీసా పట్టుకుని గుమ్మంలోనే నిలబడి.

"చాలా బాగుంది తాతయ్యా," అంది చిట్టి.

"ఏవండీ, చేతిలో ఇంత పనితనం పెట్టుకుని ఇన్నేళ్లూ వంటింటి ఛాయలకు రాలేదా మీరు?" అంది నానమ్మ, వేళ్లు నాక్కుంటూ.

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. "సరే. ఎంత చక్కెరో చూశావుగా?"

"చూళ్లేదు, తిన్నాను. తినేశాక ఎంతో ఎలా తెలుస్తుంది?" చిట్టి పళ్లేన్ని వంచి చూపించింది. "అయినా ఒక్కసారి వస్తే రుజువు కాదని నువ్వే అన్నావుగా. రెండోసారి కూడా రావాలంట."

తాను నేర్పిన పాఠానికి తానే కట్టుబడక తప్పలేదు. చిన్న పలక అయితే మళ్లీ తినేస్తారు. ఎవరూ తినలేనంత చెయ్యాలి. ఆయన కొట్టుకు వెళ్లి, అరలో ఉన్న డబ్బాలన్నీ ఇమ్మన్నారు.

కొట్టు యజమాని చేతిలోని తక్కెడ రాయి కింద పెట్టాడు. "నిన్నటిది అయిపోయిందా అప్పుడే?"

"అయిపోయింది. మా పిల్ల తినేసింది."

"మీరేమీ అనలేదా?"

"ఏమంటాను? ఒక్కదాంతో తేలేది కాదు. మళ్లీ మళ్లీ చూడాలి," అన్నారు మాస్టారు. ఆయన పలికిన ప్రతి మాటా అక్షరాలా నిజం.

ఆ సాయంత్రానికి ఆ నిజం మొదటి అంతస్తు నుంచి నాలుగో అంతస్తు వరకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కొంత బలిసింది. మాస్టారు ఉడుత డబ్బాల మీద పరిశోధన చేస్తున్నారని ఒక ఇంట్లో అన్నారు. పరిశోధన అయిపోయిందని, అందుకే మనవరాలికి అవి తప్ప మరేమీ పెట్టడం లేదని ఇంకో ఇంట్లో అన్నారు. మెట్ల మీద పొద్దుటి నుంచి వస్తున్న కమ్మని పాకం వాసన ఎవరికి తోచిన సాక్ష్యం వారికి ఇచ్చింది.

మర్నాడు పెద్ద గిన్నెలో పాకం మరుగుతుండగా బీమా ఏజెంటు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఆదివారం బోర్డు మీద ఏం రాయమంటారు?"

"పొద్దుటి తిండి అని రాయండి."

"ఏం తినాలో చెప్తారా?"

"ఏం తింటున్నామో చూపిస్తాను."

"అబ్బ, ఎంత బాగా చెప్పారండీ!" అని అతను ఆ వాక్యాన్ని తిరగేసి, మరగేసి, మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మెచ్చుకోలు పూర్తయ్యేసరికి గిన్నె మాడింది. నల్లటి పొగ వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల మీదికి పాకింది. ఎవరో అరిచారు. వాచ్‌మన్ ఇసుక బకెట్టుతో లోపలికి దూసుకొచ్చి, ఏమీ అడగకుండా బకెట్టు మొత్తం గిన్నెలో కుమ్మరించాడు.

"మంట లేదయ్యా! మాడింది, అంతే!" అన్నారు మాస్టారు దగ్గుతూ.

"ముందు ఇసుక సార్, తర్వాత మాటలు. ట్రైనింగ్‌లో అలాగే చెప్పారు."

పొగ పోవడానికి తలుపు బార్లా తెరిచారు. మెట్ల మీద చేరిన జనం లోపలికి చూశారు. మాడిన గిన్నె ఎవరి దృష్టినీ ఆకర్షించలేదు. గోడవార వరసగా పేర్చి ఉన్న ఖాళీ డబ్బాలను మాత్రం అందరూ చూశారు. ప్రతి డబ్బా మీదా ఉడుత చెయ్యి ఊపుతోంది. "ఇంట్లో ఉన్నది అయిదుగురే! ఎన్ని తిన్నారో చూడు," అని ఎవరో గుసగుసగా అన్నారు. ఆ గొంతులో తప్పుపట్టడం లేదు. వెనకబడిపోయామన్న బెంగ ఉంది.

ఆ మర్నాడు ఎదురింటి దర్జీ ఆవిడ వచ్చింది. భర్త దూరంగా పనిచేస్తాడు. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని కూతుర్ని పెంచుతోంది. కూతురు ఎంత సన్నమంటే, అందరూ పుల్ల అనేవారు. గిన్నె పట్టుకుని మిషన్ చుట్టూ, మంచం చుట్టూ పుల్ల వెంట పరుగెత్తే దర్జీ ఆవిడ అడుగుల చప్పుడు మాస్టారి ఇంటికి రోజూ వినపడేది.

"మీకు దండం పెట్టాలి మాస్టారూ," అంది ఆవిడ గుమ్మంలోనే. "మీరు వాడుతున్నారని విని నేనూ ఉడుత డబ్బా కొన్నాను. నిన్న మా పిల్ల గిన్నె ఖాళీ చేసింది. మొత్తం. నేను నోరెత్తకుండానే! దాని గిన్నె అడుగున పువ్వుల డిజైన్ ఉందని నాకు నిన్నే తెలిసింది."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. మాస్టారు నోరు తెరిచారు. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. సీసా మాత్రం ఖాళీగా ఉంది.

"ఆదివారం హాలుకి రండమ్మా. అక్కడ అన్నీ చూపిస్తాను," అన్నారు.

"రాకుండా ఉంటానా!" అని ఆవిడ వెళ్తూ వెళ్తూ చిట్టి బుగ్గ పట్టి లాగింది. "చూడండి, ఎంత పుష్టిగా ఉందో! మా పిల్లకి కూడా ఇలాంటి బుగ్గలొస్తే నాకింకేం కావాలి."

తలుపు మూసుకున్నాక చిట్టి బుగ్గను అరచేత్తో తుడుచుకుంది. "తాతయ్యా, ఆవిడకి ఎందుకు చెప్పలేదు?"

"రుజువు చేతిలో లేకుండా..."

"నాకు మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుంది కదా. అది చాలదా?"

ఆయన కొట్టుకు కొత్తగా వచ్చిన సరుకులోంచి ఒక డబ్బా తెచ్చారు. ఆ రోజంతా పొయ్యి దగ్గర నుంచి కదలకుండా నిలబడి, ఎవరి ఫోనూ ఎత్తకుండా, చివరికి పాకం దించారు. గట్టిపడ్డాక పొడిచేసి, సీసా నింపి, మూత బిగించి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆదివారం హాలు నిండింది. సంఘం సమావేశాలకు ఎప్పుడూ ముందు వరసలోని కుర్చీలే సగం ఖాళీగా ఉండేవి. ఆ రోజు గోడల పక్కన కూడా జనం నిలబడ్డారు. బోర్డు మీద 'మన మాస్టారు ఏం తింటున్నారు?' అని రంగు సుద్దలతో రాసి ఉంది. బీమా ఏజెంటు తన రచనకు మురిసిపోతూ, "దేన్నీ నమ్మని మనిషి ఒకదాన్ని నమ్మితే అది ఏ స్థాయిలో ఉంటుందో మీరే ఆలోచించండి," అని పరిచయం చేసి చప్పట్లు కొట్టించాడు.

మాస్టారు చప్పట్లు ఆగేదాకా నిలబడి, సీసాను బల్ల మీద పెట్టారు. దాని పక్కన ఉడుత డబ్బాను పెట్టారు. "ఇది ఒక్క డబ్బాలోంచి వచ్చిన చక్కెర," అన్నారు. "తూకంలో మూడో వంతుకు తక్కువ లేదు. దీన్ని మనం పొద్దున్నే మన పిల్లల గిన్నెల్లో పోస్తున్నాం. ఎవరైనా దగ్గరికి వచ్చి చూడొచ్చు."

ఒక్కొక్కరూ వచ్చి చూశారు. కొందరు సీసాను ఎత్తి బరువు చూశారు. "అమ్మో!" అన్నారు. "ఇంతా?" అన్నారు. దర్జీ ఆవిడ సీసాను రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు చూసి, పుల్ల తలమీద చెయ్యి వేసింది. మాస్టారు జీవితమంతా ఎదురుచూసిన క్షణం అదే. అందరూ కళ్లారా చూశారు. అందరూ నమ్మారు.

అప్పుడు బీమా ఏజెంటు చెయ్యి ఎత్తాడు. "చిన్న సందేహం మాస్టారూ. ఈ చక్కెరంతా మీరు బయటికి తీసేశారు కదా?"

"తీశాను."

"తీసేశాక మిగిలినది?"

"రుచీ పచీ లేని పిప్పి."

"దాంతో హాని ఉందా?"

మాస్టారు ఆలోచించారు. "హాని ఉందని చెప్పడానికి ఆధారం లేదు."

"అంటే చక్కెర తీసేస్తే ఉడుత డబ్బా మంచిదే!"

"తర్కం వరకు అలా అనడానికి వీలుంది గాని, నేను చెప్పేది..."

ఆయన చెప్పేది చప్పట్లలో కలిసిపోయింది. "అదీ సంగతి! అందుకా ఆ వాసన!" అన్నారు ఒకరు. "మాస్టారు చక్కెర తీసేసి తింటున్నారన్నమాట, మనం మూర్ఖంగా అలాగే తింటున్నాం," అన్నారు ఇంకొకరు. చన్నీళ్లా, వేడినీళ్లా అని దర్జీ ఆవిడ అడిగింది. చన్నీళ్లేనని నానమ్మ వెనక వరసలోంచి గట్టిగా చెప్పి, గలీబు ఎలా పిండాలో చేతులతో చూపించింది.

చిట్టి కుర్చీ మీదికెక్కి నిలబడింది. "తాతయ్య తినొద్దని చెప్తున్నాడు! మీరెవరూ వినట్లేదు!"

"నువ్వు తింటావు కదమ్మా?" అన్నాడు బీమా ఏజెంటు ముద్దుగా.

చిట్టి అబద్ధం చెప్పలేకపోయింది. "తింటాను," అంది.

హాలంతా నవ్వింది. ఎవరో ఆమె బుగ్గ వైపు చెయ్యి చాపారు. ఆ గందరగోళంలో పిల్లలు సీసా మూత విప్పారు. సభ ముగిసేసరికి సీసా అడుగున గోధుమరంగు పొడి ఒక చెంచాడు మిగిలింది.

సోమవారం పొద్దున్నే కొట్టులో ఉడుత డబ్బాలు లేవు. మంగళవారం వచ్చినవి గంటలో అయిపోయాయి. వీధి చివరి కొట్టులోనూ, బస్టాండు పక్క కొట్టులోనూ ఇదే వరస. భవనంలో ప్రతి ఇంటి బాల్కనీలోనూ తలగడ గలీబులు ఆరుతూ కనిపించాయి. మాస్టారు ఇంటింటికీ వెళ్లి, ఈసారి సీసా లేకుండా, నోటితోనే చెప్పారు. అందరూ ఆయన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తల ఊపారు.

"మీరు చెప్పినట్టే చేస్తున్నాం మాస్టారూ," అంది దర్జీ ఆవిడ. "నానబెట్టి, వడగట్టి, చక్కెరంతా తీసేస్తున్నాను. చూడండి." గిన్నెలో పిప్పి ఉంది. పక్క గ్లాసులో తియ్యటి నీళ్లు ఉన్నాయి.

"మరి ఆ నీళ్లు?"

"వాటిని పాలలో కలుపుతున్నానండీ. లేకపోతే పిల్ల ముట్టదు. అయినా అంత చక్కెర సింకులో పొయ్యడానికి చేతులెలా వస్తాయి, చెప్పండి?"

మాస్టారు ఆ గ్లాసును కాసేపు చూసి లేచి వచ్చేశారు.

ఆయన ఇంట్లో మాత్రం డబ్బా లేదు. నానమ్మ సంచీ పట్టుకుని వీధులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. మొదటి రోజు చిట్టి ఏడ్చింది. రెండో రోజు అలిగింది. ఆ తరవాత ఆకలి వేసింది. గుడ్డు గుడ్డులాగే ఉందని చెబుతూనే తింది. రొట్టె తింది, అరటిపండు తింది, ఒకరోజు ఉప్పు వేసిన గంజి కూడా తాగింది. పొద్దున్నే గుడ్డు ఉడకబెట్టడానికి రెండు నిమిషాల కంటే ఎక్కువ పడుతుంది కాబట్టి కొడుకు ఆ పని నేర్చుకున్నాడు. కోడలు బస్సు అందుకుంటూనే ఉంది.

చాలా వారాల తరవాత కొట్టు యజమాని మాస్టారి మీద గౌరవంతో ఒక డబ్బాను బల్ల కింద దాచి, నానమ్మ చేతికి రహస్యంగా అందించాడు. నానమ్మ దాన్ని కూరగాయల కింద పెట్టి ఇంటికి తెచ్చి, మాస్టారు నడకకు వెళ్లిన సమయం చూసి గిన్నెలో పోసి పాలు పోసింది. చిట్టి రెండు చెంచాలు తిని ఆగింది.

"ఏంటే?" అంది నానమ్మ.

"బాగా తీపిగా ఉంది నానమ్మా. ముందు కూడా ఇలాగే ఉండేదా?"

"ఇలాగే ఉండేది."

చిట్టి గిన్నె పక్కకు జరిపింది. వస్తువు పారేసే అలవాటు నానమ్మకు లేదు. మిగిలిన డబ్బాను ఎదురింట్లో పుల్లకు ఇచ్చి వచ్చింది. దర్జీ ఆవిడ చాలా సంతోషించింది.

డాక్టరమ్మ మళ్లీ రమ్మన్న రోజున మాస్టారు చిట్టిని తీసుకువెళ్లారు. మెట్ల మలుపుల్లో ఆమె కిటికీల దగ్గర ఆగలేదు. డాక్టరమ్మ ఆమెను ఒకసారి తూచి, దింపి, మళ్లీ తూచింది. గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచింది.

"శభాష్. ఎలా ఆపారండీ? చాలామంది వల్ల కాదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మా దగ్గర సరుకు దొరకలేదండీ," అన్నారు.

డాక్టరమ్మ నవ్వి, గంట కొట్టి, బయట ఉన్నవారిని పంపమంది. వరండాలో బల్ల మీద దర్జీ ఆవిడ పుల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. ఒళ్లో స్థలం సరిపోవడం లేదు. ఆవిడ పక్కన బీమా ఏజెంటు తన కవల కూతుళ్ల చేతులు పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారిని చూసి ఇద్దరూ గౌరవంగా లేచి నిలబడ్డారు.

ఆ రోజు తూకంలో చిట్టి బరువు పెరగలేదని, మిగిలిన ముగ్గురు పిల్లల బరువు పెరిగిందని తేలింది.